ముప్పై ఒకటో చెయ్యి

కోనమెట్ట పశువుల సంతలో ఒకప్పుడు నూకరాజు చెయ్యి అందితే బేరం సగం కుదిరినట్టే.

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. చెబితే పక్కవాడు పాడు చేస్తాడు. దళారి తన కుడిచేతి మీద తువ్వాలు కప్పుకొని చాపుతాడు. రైతు దాని కింద చెయ్యి పెడతాడు. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, మూడు పట్టుకుంటే ఇంకో లెక్క, పిడికిలంతా పట్టుకుంటే మరో లెక్క. బొటనవేలితో అరచేతి మధ్యలో నొక్కితే బేరం తెగినట్టు. కింద అంత జరుగుతున్నా పైన ఇద్దరి మొహాలూ వాన పడుతుందా లేదా అని చూస్తున్నట్టు ఎటో ఉంటాయి. తర్వాత్తర్వాత పశువుల చెవులకి చిప్పులొచ్చాయి. ఫోను దగ్గర పెడితే పశువు వయసు, ఈతలు, జబ్బులు అన్నీ చెప్పేస్తుంది. మనిషి మనసు చెప్పే చిప్పు మాత్రం రాలేదు. అందుకే తువ్వాలు మిగిలింది.

వేళ్ల లెక్క ఏ దళారికైనా వస్తుంది. నూకరాజుకి వచ్చింది వేరే విద్య. ఎదుటి చెయ్యి ఎప్పుడు చల్లబడింది, ఎక్కడ చెమట పట్టింది, నాడి ఏ వేలి దగ్గర తొట్రుపడింది అన్నది అతని అరచేతికి తెలిసిపోయేది. ఆశతో అమ్మేవాడి చెయ్యి ఒకలా ఉంటుంది, అవసరంతో అమ్మేవాడి చెయ్యి ఇంకోలా ఉంటుంది. మొదటివాడి దగ్గర నూకరాజు గట్టిగా నిలబడేవాడు. రెండోవాడిని నొక్కేవాడు కాదు. ఆ పూట తనకు మిగిలేది తగ్గినా ఆ రైతు జన్మలో ఇంకో దళారి దగ్గరికి వెళ్లడు. దయ అనుకునేవాళ్లు అనుకున్నారు. నూకరాజు దాన్ని వ్యాపారమే అనుకున్నాడు.

ఆ చెయ్యి ఒక్క శనివారంతో చెల్లకుండా పోయింది.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. నెల్లాళ్లు జ్వరం తగ్గకపోతే కాకినాడ వెళ్లాడు. రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలింది. మందులిచ్చారు, వేసుకున్నాడు, ఒళ్లు తేరుకుంది. కాని కబురు అతనికంటే ముందు బస్సు దిగింది. ఆ శనివారం తువ్వాలు కప్పి చెయ్యి చాపితే ఎదురుగా ఉన్న రైతు తన చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఇంకొకతను ఎద్దు పళ్లు చూడడంలో పడ్డాడు. పట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పిన మాట నూకరాజు అందరికీ చెప్పాడు. అందరూ విన్నారు, తలలూపారు. చెయ్యి మాత్రం ఎవరూ పెట్టలేదు. అప్పుడు అతని తమ్ముడు వీర్రాజు భుజం మీది తువ్వాలు తీసి ముందుకొచ్చాడు. వేలు వేలూ పట్టుకొని తనే బేరం నేర్పిన తమ్ముడు.

"ఈ వారం నువ్వు కూకో అన్నయ్యా," అన్నాడు వీర్రాజు, అన్న వైపు చూడకుండా.

ఆ వారం ఇరవై రెండేళ్లయింది.

వేరేవాడైతే ఊరు వదిలిపోయేవాడు. నూకరాజు ఒక రోజంతా కూర్చొని ఆలోచించాడు. తను పోతే కష్టం తనది, సౌఖ్యం వాళ్లది. అలాంటి బేరం తనెందుకు చేస్తాడు? సంత గేటు పక్కనే నాలుగు కర్రలు పాతి, పలుపులు, ముకుతాళ్లు, మెడగంటలు అమ్మే కొట్టు పెట్టాడు. చేతులు మారిన ప్రతి పశువూ కొత్త తాడుతోనే గేటు దాటాలన్నది అక్కడి ఆనవాయితీ. అంటే అతని మొహం చూడకుండా ఎవడూ పశువుని తోలుకుపోలేడు. వాళ్లు డబ్బు అతని చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవారు. అతను తాడు వాళ్ల చేతికే ఇచ్చేవాడు. వాళ్లు భయపడినా తను మర్యాద మానలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క శనివారం కొట్టు మూయలేదు. అన్నదమ్ములకి మాటలు మాత్రం లేవు. వీర్రాజు పశువులకు తాళ్లు కావలసొస్తే జీతగాడు వచ్చి పట్టుకెళ్లేవాడు.

శనివారం సంత, గురువారం సావాసం. సావాసం అంటే కాకినాడలో ఒక పాత మేడ మీద హెచ్ఐవీ ఉన్నవాళ్లు కలుసుకునే సంఘం. దానికి పెద్దదిక్కు రత్నమాణిక్యం. ఆమెకీ హెచ్ఐవీ ఉంది. మొదటి భర్త పోయాక ఇడ్లీలమ్మి బతికి, వందమందిని బతికించిన మనిషి. మొదటిరోజు నూకరాజు తలుపు దగ్గరే ఆగిపోతే అతని చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. ఆ పట్టులో జాలి లేదని, పని ఉందని అతని అరచేయి చెప్పింది. మూడేళ్ల తర్వాత ఆమెను పెళ్లి చేసుకున్నాడు. "మీ ఆయన మంచి బేరగాడంటగా" అని ఎవరైనా అంటే, "ఆయ్, నన్ను ఏ బేరమూ ఆడకుండా ఒప్పేసుకున్నాడు మరి," అనేది.

ఈ మధ్య మందు బెంగ తీరిపోయింది. రోజూ మాత్రలు పోయి ఆరు నెలలకో సూది వచ్చింది. వేయించుకున్నవాడు నిండు నూరేళ్లు బతుకుతాడు, ఎవరికీ జబ్బు అంటించడు. అయినా మనుషులు పోతూనే ఉన్నారు. ఎందుకు పోతున్నారో సంఘంలో మొదట కనిపెట్టింది నూకరాజే. బెంచీ మీద కూర్చొని వచ్చేపోయేవాళ్లను చూడడం అతనికి సంతలో అలవాటైన పని. తోడుతో వచ్చినవాడు ఏళ్ల తరబడి వస్తున్నాడు. ఒంటరిగా వచ్చినవాడు మూడో సూదికి రావడం లేదు. పేదా గొప్పా, చదువున్నా లేకున్నా ఇదే వరస.

ఆ మాట విని డాక్టర్ షహనాజ్ రాసుకుంది. ఆమె జగన్నాథపురం పిల్ల. నరాల మీద పరిశోధన చేసి తిరిగొచ్చి, సంఘం పక్క వీధిలోనే చిన్న ల్యాబ్ పెట్టింది. మనిషి చర్మంలో మెల్లని స్పర్శకు మాత్రమే పలికే నరాలు కొన్ని ఉంటాయి, నమ్మకమున్న చెయ్యి పట్టుకుంటే అవి ఒంట్లోని బెదురుని దించుతాయి, బెదురు దిగిన ఒంటికి మందూ తిండీ నిద్రా ఒంటబడతాయి అని ఆమె నమ్మకం. మరి తోడు లేనివాళ్లకి చెయ్యి ఎక్కడినుంచి తేవాలి? దానికామె జతపలక తయారుచేసింది. మైనంలా మెత్తటి రెండు పలకలు. ఒకదాని మీద ఒకరు చెయ్యి పెడితే, ఎక్కడో వంద మైళ్ల అవతలి పలకలో అదే చెయ్యి పైకి లేస్తుంది. అదే వెచ్చదనం, అదే ఒత్తిడి, అదే వేలి కదలిక. ఇవతలివాళ్లెవరో అవతలివాళ్లకు తెలియదు. పేర్లుండవు, నంబర్లే.

మొదట్లో ఆమె మంచి చేతులను రికార్డు చేసి, పాట వినిపించినట్టు పలకలో వినిపించింది. రెండు రోజులు పనిచేశాయి. మూడో రోజుకి ఒళ్లు కనిపెట్టేసింది, తెర మీద బెదురు చూపించే గీత మళ్లీ పైకి లేచింది. షహనాజ్ దిగులుగా కూర్చుంటే నూకరాజు నవ్వాడు.

"తువ్వాలు కింద రబ్బరు చెయ్యి పెడితే రైతుకి తెలీదా అండీ. ఎదర చెయ్యి మనల్ని వింటందా లేదా అన్నదే కదండీ చూసుకునేది."

అప్పటినుంచి బతికున్న చేతులే పెట్టారు. సంఘంలో అరవై మందిని పరీక్షించారు. నర్సులు, కౌన్సిలర్లు, ఇద్దరు పాస్టర్లు, పేరున్న ఒక యోగా మాస్టరు కూడా పలక మీద చేతులు పెట్టారు. నూకరాజు చెయ్యి పెట్టినప్పుడు తెర మీద అవతలి మనిషి గీత గట్టు దిగిన నీళ్లలా కిందికి జారింది. షహనాజ్ మూడుసార్లు మళ్లీ చేయించింది. మూడుసార్లూ అంతే.

"ఇన్నాళ్లూ ఈ చేతిని తాళ్లు అమ్ముకోడానికి వాడారా నూకరాజు గారూ?" అంది.

 ఆ సాయంత్రం నూకరాజు ఇంటికి నడిచి వెళ్తూ కుడిచేతిని చొక్కా జేబులో పెట్టుకోకుండా, అందరికీ కనబడేలా ఊపుకుంటూ వెళ్లాడు. సంత వద్దన్న సరుకుకి ఇంకో బజారులో ఇంత గిరాకీ ఉందని తెలిసిన రోజది.

అలా నెలలు గడిచాయి. సూది మానేసిన వాళ్లు పదకొండు మంది అతని చెయ్యి పట్టుకొని వెనక్కి వచ్చారు. ఒక శనివారం కొట్లో ఎవరో పలుపు అడిగితే నార తాడు బదులు నైలాన్ తాడు ఇచ్చాడు. చూస్తే తెలిసింది కాని, పట్టుకుంటే తెలియలేదు. ఆదివారం అన్నం వేడి తెలియక వేలు కాల్చుకున్నాడు. షహనాజ్ అతని అరచేతిని సన్నటి సూదితో అక్కడక్కడా తాకి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంది.

జతపలక ఇచ్చే చేతినుంచి తీసుకుంటుంది. సన్నని వణుకుని కూడా అవతలికి పంపాలంటే ఇవతలి నరాల కొసలను అది గీకుతూనే ఉండాలి. ఆ సంగతి ఆమెకి ముందు తెలియదు.  ఇక్కడితో ఆపితే ఏడాదిలో స్పర్శ తిరిగొస్తుందని, పలక మీద ఇంకో పది గంటలు దాటితే ఎప్పటికీ రాదని చెప్పింది. తప్పు తనదేనని, రేపటినుంచి పలక తాకొద్దని అంది.

నూకరాజు ఆలోచించి ఒక దారి చెప్పాడు. ఒక ఎద్దుకే కాడి వేస్తే మెడ పుండు పడుతుంది. అరవై చేతులుంటే తలా పావుగంట పంచుకుంటే ఎవరి చెయ్యీ పాడవదు. మిగతావాళ్ల చేతులు పనిచేయకపోవడానికి కారణం వాళ్లకి పట్టుకోవడం తెలియకపోవడమే. అవి తొందరపడి ఓదార్చేస్తున్నాయి. ఎదుటి చెయ్యి ఏం చెబుతుందో వినడం లేదు. అది తను నేర్పుతాడు. షహనాజ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ గురువారం నుంచే సావాసంలో తువ్వాలు విద్య మొదలైంది. టైలరూ ఆటో డ్రైవరూ, టీచరమ్మా, కొత్తగా చేరిన కాలేజీ పిల్లా, జంటలు జంటలుగా ఎదురెదురుగా కూర్చొని, తువ్వాళ్ల కింద చేతులు పెట్టి, నోరు మూసుకొని వినడం నేర్చుకున్నారు. మధ్యలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. "నవ్వితే బేరం పోద్ది," అని కసిరేవాడు నూకరాజు.

అంతా కుదురుకుంటోంది అనుకునేసరికి ముప్పై ఒకటో నంబరు వచ్చింది.

ఆ మనిషి వరసగా రెండు సూదులు ఎగ్గొట్టాడు. తుని వైపు ఏదో ఊళ్లో, ఎవరికీ తెలియని గదిలో పలక ముందు కూర్చుంటున్నాడు. రక్తం బాగోలేదు, ఇంకో నెల పోతే మందు కూడా పనిచేయదు అని షహనాజ్ చెప్పింది. సంఘంలో ఎవరు చెయ్యి పెట్టినా పిడికిలి బిగించుకుంటున్నాడు, విప్పడం లేదు. నూకరాజుని అడగడం ఇష్టం లేక, అడగక తప్పక, రోజుకో గంట చొప్పున మూడు రోజులు చూడమంది.

పలక వెచ్చబడింది. పిడికిలి లేచింది. సగం మొద్దుబారిన అరచేతికే తెలిసిపోయింది, అది పశువుల మనిషి చెయ్యి. తాడు ఒరిసిన గట్టిదనం చూపుడువేలి పక్కన ఉంది. నూకరాజు దాన్ని విప్పే ప్రయత్నం చేయలేదు. సంతలో మొండి రైతు దగ్గర నిలబడ్డట్టు ఊరికే పక్కన ఉన్నాడు. మూడో రోజు పిడికిలి విచ్చుకుంది. వేళ్లు తడుముతూ వచ్చి అతని చిటికెన వేలిని పట్టుకొని రెండుసార్లు కిందికి లాగాయి.

నూకరాజు పలక మీదికి వంగాడు.

ఆ గుర్తు ఏ సంతలోనూ లేదు. దాన్ని కనిపెట్టింది వాళ్ల నాన్న. తండ్రి ఒక పక్క, కొడుకులు ఒక పక్క నిలబడి బేరమాడుతున్నప్పుడు, పశువులో లోపం కనిపిస్తే నోటితో చెప్పకూడదు కాబట్టి తువ్వాలు చాటున ఒకరి చిటికెన వేలు ఒకరు రెండుసార్లు లాగేవారు. "ఇందులో దోషముంది, తప్పుకో" అని దానర్థం. తండ్రి పోయాక ఆ గుర్తు తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు.

నెల రోజులుగా వీర్రాజు సంతకి రావడం లేదు. షుగరు ముదిరిందని జీతగాడు చెప్పాడు. ఆ మాట నిజమేననుకున్నాడు నూకరాజు.

అవతలివాడికి ఇవతల ఎవరున్నారో తెలియదు. తెలియకుండానే అలవాటైన వేలుతో తన మీద తనే ధర చెబుతున్నాడు. నేను లోపమున్న పశువుని, నన్ను వదిలెయ్, నష్టపోకు అంటున్నాడు.

నూకరాజు ఆ గంట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. బయటికొచ్చి, ఈ నంబరుని తనే చూస్తానని షహనాజ్‌తో అన్నాడు. ఆమె కుదరదంది. ఎవరైనా తెలిసినవాళ్లని అనుమానమా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. తన కబురు బస్సు దిగిన రోజు అతనికి గుర్తుంది. ఇంకొకడి కబురు తన నోట బయటికి రాదు. చివరికి షహనాజ్ ఒక షరతు పెట్టింది. పది గంటలు దాటే పనైతే నూకరాజు సంతకంతోపాటు ఇంటి మనిషి సంతకం కూడా కావాలి.

రత్నమాణిక్యం కాగితం రెండుసార్లు చదివింది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా లేవలేదు.

"ఈ చెయ్యి నీదొక్కడిదే అనుకున్నావా?" అంది. "నా జ్వరం చూసింది ఈ చెయ్యి. రేపు నా నుదురు కాల్తందో లేదో నీకెలా తెలుస్తది?"

"నువ్వు చెప్తావుగా."

"చెప్పకపోతేనో?"

"ఇన్నేళ్లలో నువ్వు ఏదైనా చెప్పకుండా ఊరుకున్నది ఉందా మాణిక్యం?"

ఆమెకి నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఎవరికోసమని అడగలేదు. సంఘంలో ఎవరినీ ఎలా వచ్చిందని అడగకూడదన్నది ఆమె పెట్టిన మొదటి కట్టుబాటు. ఎవరికోసమన్నదీ అందులోకే వస్తుందని ఆమె లెక్క. అతని కుడిచేతిని ఒళ్లో పెట్టుకొని, అరచేతిలో మెల్లగా వేలితో రాస్తూ చాలాసేపు కూర్చుంది. తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాడు. పెన్ను తీసి సంతకం పెట్టింది. "స్పర్శ పోయేలోగా అని నీ అరచేతిలో ఓ మాట రాశాను," అంది. ఏం రాసిందో చెప్పలేదు.

తర్వాతి వారం నూకరాజు తన జన్మలో చేయని తప్పొకటి చేశాడు. దళారి అన్నవాడు అమ్మేవాడిని ఎరిగినట్టు బయటపడకూడదు. బయటపడితే అవతలివాడు సిగ్గుతోనో పౌరుషంతోనో బేరం వదులుకుంటాడు. అది తెలిసీ, ఆ చెయ్యి మళ్లీ చిటికెన వేలు లాగినప్పుడు ఆగలేకపోయాడు. లాగిన వేలిని పట్టుకొని వెనక్కి మడిచి అరచేతిలో పెట్టి మూశాడు. అది తండ్రి చెప్పిన జవాబు గుర్తు. "తెలుసు. తెలిసే కొంటున్నాను."

అవతలి చెయ్యి నిప్పు తగిలినట్టు మాయమైంది. పలక చల్లబడిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నూకరాజు మాత్రం వెళ్లి తన గంటా తను కూర్చున్నాడు. అవతల ఎవరూ లేకపోయినా పలక తెరిచి ఉంటే గీకుతూనే ఉంటుందని, చేతిని తీసేయమని షహనాజ్ చెప్పింది. కొట్టు తెరిచి ఉంచితేనే గదా గిరాకీ వచ్చేది అని అతనన్నాడు. పది గంటలు ఆ చల్లని పలక మీదే దాటిపోయాయి. దాటిన నిమిషం షహనాజ్ గడియారం వైపు చూసి కళ్లు తుడుచుకుంది. అతను చూడనట్టు కూర్చున్నాడు. లోపల మాత్రం తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్లకి దొరికిన చెయ్యి, ఒక్క వేలి తొందరకి జారిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పలక వెచ్చబడిందని షహనాజ్ చెబితే తెలిసింది. అప్పటికి అతని అరచేతికి వెచ్చదనం తెలియడం లేదు. తెర మీద గీత ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోంది, అవతల మనిషి ఏడుస్తున్నాడు. అలా గంట గడిచింది. గంట చివర, ఎక్కడో చాలా లోతునుంచి, తలుపు అవతల ఎవరో తట్టినట్టు ఒక చిన్న ఒత్తిడి నూకరాజు అరచేతి మధ్యలో తెలిసింది. బొటనవేలు. నొక్కింది, వదల్లేదు.

అతని కుడిచేతికి తెలిసిన చివరి స్పర్శ అదే.

సాయంత్రం షహనాజ్ ఫోను చేసి, ముప్పై ఒకటి సూది వేయించుకున్నాడని చెప్పింది. ఇంకేమీ చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. నూకరాజు అడగలేదు. మర్నాటినుంచి ముప్పై ఒకటిని సంఘం చేతులు పంచుకున్నాయి. తెల్లారి టీచరమ్మ, మధ్యాహ్నం టైలరు, సాయంత్రం ఆటో డ్రైవరు. పిడికిలి బిగుసుకోలేదు. ఆ ఏడాది ఆ పాత మేడ మీదినుంచి అరవై చేతులు నాలుగు జిల్లాలకు వెళ్లాయి. ఎవరి చెయ్యీ మొద్దుబారలేదు. షహనాజ్ తన పత్రంలో ఈ పద్ధతికి పెద్ద పేరేదో పెట్టింది. సంఘంలో మాత్రం అందరూ తువ్వాలు విద్యే అన్నారు.

ఆ సూదికి ఆరు నెలలు గడిచాయి. ఒక శనివారం పదిగంటల వేళ, సంత బాగా పొంగి ఉన్నప్పుడు, వీర్రాజు ఒక కపిల ఆవుని తోలుకొని వచ్చాడు. చిక్కిన ఒళ్లు కొంత పూడింది. లోపలికి వెళ్లకుండా గేటు పక్కన తాళ్ల కొట్టు ముందు ఆగాడు. జీతగాడు ముందుకు రాబోతే ఆగమన్నాడు. చుట్టూ ఉన్న మాటలు ఒక్కొక్కటే తగ్గాయి.

"ఆవుని అమ్మాలి. దళారి కావాలి," అన్నాడు.

నూకరాజు పలుపు పేనడం ఆపలేదు. "నేను బేరాలు మానేసి ఇరవై రెండేళ్లు దాటింది."

"ఈ వారం నువ్వు నిలబడు అన్నయ్యా," అన్నాడు వీర్రాజు. ఈసారి అన్న కళ్లలోకి చూస్తూ అన్నాడు.

నూకరాజు లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. కొట్టు గుంజకి వేలాడుతున్న తువ్వాలు తీసి కుడిచేతి మీద వేసుకొని చాపాడు. వీర్రాజు చెయ్యి దాని కిందికి వెళ్లింది. 

నూకరాజు ఎదురుచూశాడు. తువ్వాలు కదులుతోంది. కింద ఏం జరుగుతోందో అతనికి తెలియడం లేదు. తమ్ముడు ఏ వేలు పట్టుకున్నాడో, ఎంత చెబుతున్నాడో, చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఏమీ తెలియడం లేదు. ఇన్నేళ్లకి తిరిగొచ్చిన చెయ్యి, తన చేతిలోనే ఉండి తనకు అందడం లేదు.  అంతలోనే నవ్వొచ్చింది. ఇచ్చిందెంతో తెలుసు, వచ్చింది ఎదురుగా నిలబడి ఊపిరి పీలుస్తోంది. ఇందులో నష్టమెక్కడుంది?

ఎడమచేత్తో తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

ఆ సంత పుట్టాక బట్ట లేని బేరం ఎవరూ చూడలేదు. ఇద్దరన్నదమ్ముల చేతులు ఎండలో, వందమంది ముందు, ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. వీర్రాజు వేళ్లు అన్న చిటికెన వేలి మీద ఉన్నాయి. రెండుసార్లు లాగి ఆగాయి. నూకరాజు కళ్లతో చూసి, ఆ లాగిన వేలిని మడిచి, అరచేతిలో పెట్టి మూశాడు. దానర్థం ఆ వందమందిలో ఎవరికీ తెలియదు. వీర్రాజు మొహం చూసినవాళ్లకు మాత్రం ఏదో పెద్ద బేరమే తెగిందని తెలిసింది.

"నా సంగతి ఇయ్యాల నేనే చెప్పేస్తాను అన్నయ్యా," అన్నాడు వీర్రాజు మెల్లగా.

"నీ సరుకు, నీ ఇష్టం. తొందరేం లేదు," అన్నాడు నూకరాజు. "గురువారం కాకినాడ రా. మీ వదిన చేతి ఇడ్లీ తిందువుగాని."

ఇంతలో వెనకనుంచి ఒక ముసలి రైతు దగ్గాడు. చాలా ఏళ్ల కిందట చెయ్యి జేబులో పెట్టుకున్నవాళ్లలో అతనొకడు. ఆ సంగతి అతనికీ గుర్తున్నట్టే ఉంది, తాడు వంక చూస్తూ మాట్లాడాడు. "మాదొక ఎడ్ల జత ఉంది నూకరాజు గారూ. ఈ కుర్ర దళారులు తెగ నొక్కేస్తన్నారండీ. మీరోసారి చూడకూడదా?"

"చూస్తానండీ. కాని నాకు తువ్వాలు పని చెయ్యదండీ. చెయ్యి అందరికీ కనపడతది," అన్నాడు నూకరాజు. "ఇష్టమైతేనే పెట్టండి."

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ముసలాయన చుట్టూ చూశాడు. ఏదో లెక్క వేసుకున్నాడు. జేబులోంచి చెయ్యి తీసి, పంచెకు తుడుచుకొని, నూకరాజు చేతిలో పెట్టాడు.

ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో నూకరాజుకి తెలియలేదు. ఎన్ని వేళ్లు పట్టుకుందో మాత్రం సంతంతా చూసింది.